గుండె పెద్దదైందట

మా ఇంట్లో ఒంటి గురించి ఒకటే సిద్ధాంతం ఉండేది. వాడితే అరుగుతుంది. ఈ సిద్ధాంతాన్ని మా నాయిన నాచారం ఫ్యాక్టరీ నుంచి టిఫిన్ డబ్బాతో పాటు ఇంటికి తెచ్చాడు. ఆయన అక్కడ ఇరవై ఏళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కాడు. ఎంత గ్రీజు పెట్టినా బేరింగు అరుగుతుందనీ, మిషన్‌కైతే పాతది తీసి కొత్తది వేస్తారనీ, మనిషికి ఆ సౌకర్యం లేదు గనుక ఒంటిని పొదుపుగా వాడుకోవాలనీ చెప్పేవాడు. నాయినమ్మ దీనికి తన వంతు కలిపేది. ఆడపిల్ల సత్తువను దేవుడు కొలిచి పోశాడట. ఉరికి, దూకి ఒలకబోసుకుంటే పిల్లలు పుట్టేనాటికి అడుగు కనబడుతుందట.

నేను ఈ సిద్ధాంతానికి పుట్టు విరోధిని. ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాను. పొద్దున్నే పీర్జాదిగూడ దాకా వేగంగా నడిచి వస్తుంటాను. మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర కూర్చున్న వాళ్లలో ఎవరో ఒకరు, మోకాళ్లు అరుగుతాయమ్మా, జర మెల్లగా అంటారు. ఏ పనీ చేయకుండానే మీ మోకాళ్లు ఎట్లా అరిగాయని అడగాలనిపిస్తుంది. ఒక్కోసారి అడిగేస్తాను కూడా. అరుగుతుందన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట వల్ల నేను ఒక ఉద్యోగాన్నీ, మా నాయిననూ కూడా పోగొట్టుకోబోయాను.

ఎనభైల మధ్యలో, నేను పదో తరగతి పాసైన ఎండాకాలంలో నాయినకు మిషన్ దగ్గరే గుండెపోటు వచ్చింది. దవాఖానాలో నెల రోజులు ఉంచి, ఎక్స్‌రే తీసి, గుండె పెద్దదైందని చెప్పి పంపారు. మంచం దిగొద్దు, బరువు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు అన్నారు. నాయిన సిద్ధాంతానికి డాక్టరు ముద్ర కూడా పడినట్టయింది. నడిమింట్లో నులక మంచం వేసుకుని పడుకున్నాడు. నీళ్ల చెంబు కూడా అమ్మ అందించాల్సిందే. మొదట్లో నెల అన్నారు, తర్వాత ఆర్నెల్లు అన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. మేమూ మళ్లీ పోయి అడగలేదు. నలభై ఆరేళ్ల మనిషి కాళ్లు మా కళ్ల ముందే పుల్లల్లా సన్నబడ్డాయి. పెద్దదైన గుండె అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ అట్లా తెలిసింది.

మాది ఉప్పల్ పాత ఊరు. తాతల పొలం ఎప్పుడో ప్లాట్లయిపోయి, ఇంటి వెనక కొట్టమూ, అందులో మూడు బర్రెలూ మిగిలాయి. అప్పటిదాకా అమ్మ పాలు పిండితే నాయిన డ్యూటీకి పోతూ దారిలో పోసి పోయేవాడు. ఇప్పుడా పని నా మీద పడింది. నడుమ కడ్డీ ఉన్న మగవాళ్ల సైకిల్ అది. వెనక క్యారేజీకి అటొకటి ఇటొకటి పాల క్యాన్లు. మొదటి రోజు నాయినమ్మ గడపలో సైకిల్‌కు అడ్డంగా నిలబడింది. ఆడపిల్ల కడ్డీ సైకిల్ తొక్కితే ఏమేమవుతుందో వరసగా చెప్పింది. నేను అంతా విని, ఆమె చుట్టూ తిప్పుకుని పోయాను.

చిల్కానగర్‌లో కొన్ని ఇళ్లు, హబ్సిగూడ కాలనీలో కొన్ని, అక్కడి నుంచి నాచారం మీదుగా చివరికి సైనిక్‌పురి. అక్కడ ఒక రిటైరైన సైనికుడి ఇల్లు ఉండేది. ఆయన రోజూ గేటు దగ్గర గడియారం పట్టుకుని నిలబడేవాడు. ఏడు గంటలకు పాలు రావాలి. నేను మొదటి వారమంతా ఏడూ పావుకు, ఏడున్నరకు చేరాను. ఆయన తిట్టేవాడు కాదు, ఏమీ మాట్లాడకుండా గడియారం నా ముఖం ముందు పెట్టి చూపించేవాడు. తిట్టినా బాగుండేది.

నాచారం దాటాక రోడ్డు ఎత్తెక్కుతుంది. బస్సులో పోయేవాళ్లకు అక్కడ ఎత్తుందని కూడా తెలియదు. నేను ఆ ఎత్తు మీద దిగి సైకిల్ నెట్టుకుంటూ పోయేదాన్ని. రెండో రోజు తొక్కి చూద్దామని మొండికేసి, సగంలో పక్కకు దిగి వాంతి చేసుకున్నాను. మూడో రోజు తొడలు రాయిలా బిగిసి, ఇంట్లో గోడ పట్టుకుని నడిచాను. చూసినవా, అరగబట్టింది అన్నాడు నాయిన మంచం మీది నుంచి.

కానీ నాలుగో నెలలో ఒకరోజు, ఆ ఎత్తు ఎక్కేసి అవతలికి చేరాక గాని దిగలేదన్న సంగతి నాకు గుర్తు రాలేదు. ఇంకో రెండు నెలలకు, సైనికుడు బ్రష్ నోట్లో పెట్టుకుని ఉండగానే పాలు చేరాయి. ఆయన గడియారం తెచ్చుకోవడానికి లోపలికి పోబోయి ఆగిపోయాడు. నాకు ఆ రోజు కలిగిన ఆనందం తర్వాత ఏ పరీక్ష పాసైనా కలగలేదు. తిండి చూస్తే అదే జొన్నరొట్టె, అదే పప్పు. అమ్ముకునే పాలు గనుక నాకు ఒక్క గ్లాసు ఎక్కువ పోసిన వాళ్లు లేరు. మరి ఈ బలం ఎక్కడి నుంచి వచ్చింది? నాయిన లెక్క ప్రకారం నేను ఆ పాటికి సగం అరిగిపోయి ఉండాలి.

ఈ ప్రశ్నకు జవాబు హబ్సిగూడ కాలనీలో మూడో అంతస్తులో ఉంది. అక్కడ నేను పాలు పోసే మేడం ఒక ప్రయోగశాలలో సైంటిస్టు. గుంటూరు వైపు మనిషి. నిండు క్యానుతో మూడంతస్తులు ఎక్కి వచ్చి ఆయాసం లేకుండా మాట్లాడుతున్నానని ఆమె చాలా రోజులుగా గమనిస్తూ ఉందట. ఒకనాడు పాలు పోయించుకుంటూ, ఎలుకలంటే భయమా అని అడిగింది. మా కొట్టంలో గడ్డి కంటే ఎలుకలే ఎక్కువన్నాను. మరుసటి వారం నుంచి పొద్దున పాలు పోసి, తొమ్మిదింటికి ప్రయోగశాలలో రోజుకూలీగా చేరాను. బోనులు కడగడం, మేత వేయడం, ఎలుకలను ఉరికించడం నా పని.

ఎలుకలను నిజంగానే ఉరికించేవాళ్లం. మోటారుతో తిరిగే చిన్న పట్టా ఉండేది. తెల్లటి ఎలుకను దాని మీద వదిలితే, పట్టా వెనక్కి పోతుంటే అది ముందుకు ఉరకాలి. కొన్నిటిని రోజూ ఉరికించాలి. కొన్నిటిని బోనులోంచి కదలనివ్వకూడదు. ఇంకొన్నిటిని రెండు నెలలు ఉరికించి, ఆ పైన మాన్పించాలి. కాగితాల మీద వాటికి ఏవో నెంబర్లు ఉండేవి, నాకవి గుర్తుండేవి కావు. నేను వాటికి ఉరికే జట్టు, కూసున్న జట్టు, మానేసిన జట్టు అని పేర్లు పెట్టుకున్నాను. కొన్నాళ్లకు మేడం కూడా ఆ పేర్లే వాడసాగింది. ఆ కోస్తా నోట్లో కూసున్న జట్టు అన్న మాట వింటే నాకు నవ్వొచ్చేది.

చివరికి అన్ని జట్లనూ చంపేవాళ్లు. ఉరికినందుకైనా కూర్చున్నందుకైనా ఒకటే శిక్ష. ఆ రోజుల్లో నాకు అన్నం దిగేది కాదు. తొడ కండరాన్ని పొరలుపొరలుగా కోసి, ఏదో రంగు వేసి, గాజు పలక మీద పెట్టేవాళ్లు. ఒకరోజు మేడం నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూడమంది. మొదటి పలక మీద కణాలు లేత నీలంగా ఉన్నాయి, అక్కడక్కడా చుక్కలు. రెండో పలక మీద నల్లబడ్డ నీలం, ఒక్కో కణం నిండా కిక్కిరిసిన చుక్కలు. ఏది ఏ జట్టో ఆమె చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

ఆ చుక్కలే కణంలో తిండిని కాల్చి బలం తీసేవని చెప్పింది. దాని ఇంగ్లీషు పేరు నాకు ఆ రోజు నోరు తిరగలేదు. పొయ్యిలు అనుకో అంది. ఉరికేటప్పుడు కణానికి ఉన్న పొయ్యిలు చాలవు, సరుకు నిండుకుంటుంది, లోపల గొడవ మొదలవుతుంది. ఆ గొడవ వల్లే, ఎలుక ఉరకడం ఆపి పడుకున్నాక, కణం కొత్త పొయ్యిలు పెట్టుకుంటుంది. వాటికి గాలి అందించే సన్నటి రక్తనాళాలు కూడా పక్కన కొత్తగా పుట్టుకొస్తాయి. నాకు ఇది అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. రోజూ పదిమంది చుట్టాలు దిగే ఇంట్లో మా అమ్మయినా ఇంకో పొయ్యి వేసుకుంటుంది కదా. నాచారం ఎత్తు మీద నేను చేసుకున్న వాంతి ఆ గొడవేనని, నాలుగు నెలలు నేను నిద్రపోతున్నప్పుడల్లా నా తొడల్లో కొత్త పొయ్యిలు వెలిశాయని తెలిసి, ఆ గదిలో నిలబడి నా తొడలను నేను చేతితో తడుముకున్నాను. మేడం చూసి నవ్వింది.

ఆ సాయంత్రం నాయిన మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మూడు జట్ల గురించీ, పలకల గురించీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. రోజంతా పైకప్పు చూసే మనిషికి నా ఎలుకల కబుర్లే కాలక్షేపం. మానేసిన జట్టు పలక ఎట్లుందని అడిగాడు. మళ్లీ లేతబడిందని చెప్పాను. గంత కష్టపడి పెట్టుకున్న పొయ్యిలు గట్ల పోతయా అని ఆశ్చర్యపోయాడు. సన్నబడ్డ కాళ్ల మీదికి దుప్పటి లాక్కున్నాడు.

రెండేళ్లు గడిచాక అక్కడ పర్మినెంటు పోస్టు పడింది. మేడం నా పేరు పంపింది. నెలనెలా జీతం, సెలవులు, నాయిన మందులకు ఆధారం. మా ఇంట్లో అప్పటికి ఏ ఆడమనిషీ అట్లాంటి ఉద్యోగం మొహం చూడలేదు. ఇక మిగిలింది వైద్య పరీక్ష ఒక్కటే. దానికి నన్ను పట్నంలో ఒక దవాఖానాకు పంపారు.

పరీక్ష చేసిన డాక్టరు చిన్నవాడు. నా మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. ఇంకో చెయ్యి పట్టుకుని మళ్లీ చూశాడు. నాడి నిమిషానికి నలభై నాలుగు, మామూలు మనిషికి డెబ్బై దాకా ఉంటుంది. కళ్లు తిరుగుతాయా, పడిపోతావా అని అడిగాడు. లేదన్నాను. ఛాతీకి తీగలు పెట్టి ఈసీజీ పట్టీ తీయించాడు, ఎక్స్‌రే తీయించాడు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, గుండె పెద్దదైందమ్మా, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. నిజం చెప్పడం మంచిదనుకుని, మా నాయినకు ఉందని చెప్పాను. అదే నేను చేసిన తప్పు. ఆయన ముఖంలో ఇక అనుమానం మిగల్లేదు. పనికిరాదని రాసి సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి గడపలోనే చెప్పాను, నా గుండె పెద్దదైందట అని. నాయినమ్మకు అప్పటికే చెవులు మందగించాయి. పెద్దదైందన్న ముక్క ఒక్కటే విన్నది.

"పిల్ల పెద్దమనిషై ఆరేండ్లాయె. గీ దవాఖానోల్లకు గిప్పుడెర్కైందా?"

అమ్మ ఏడుస్తూనే నవ్వింది, నేనూ నవ్వాను. నాయిన నవ్వలేదు. అదే మాటతో ఆయన్ని మంచమెక్కించి మూడేళ్లయింది. లేచి కూర్చుని, నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇగ సైకిల్ ముట్టకు బిడ్డా. నాకొచ్చింది నీకు రావద్దు."

మేడం ఎక్స్‌రే చూసి, తల పట్టుకుంది. ఇది జబ్బు కాదు అంది. రోజూ అంత దూరం తొక్కే మనిషి గుండె కూడా కండరమే గదా, అది పెరిగింది. ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకే తక్కువసార్లు కొట్టుకుంటుంది. కానీ కాగితం మీద పనికిరాదని పడ్డాక వాదించి లాభం లేదని, సులువైన దారి ఒకటుందని చెప్పింది. మూడు నెలలు సైకిల్ మానేసి ఇంట్లో కూర్చుంటే, గుండె మామూలు కొలతకు వస్తుంది, నాడి పెరుగుతుంది. అప్పుడు మళ్లీ పరీక్షకు పోతే ఎవరూ వేలెత్తి చూపరు.

"మానేసిన జట్టులో చేరమంటున్నరా మేడం?"

"ఉద్యోగం కోసం. మూడు నెలలే కదా."

ఆమె నా మంచి కోరే చెప్పింది. ఆమె మాట నిజమని కూడా నాకు తెలుసు. మానేసిన జట్టు పలకను నేనే కళ్లారా చూశాను. అయినా నాకు పట్టరాని కోపం వచ్చింది. కొట్టంలో పేడ ఎత్తి, చీకటితో లేచి, ఎండలో వానలో తొక్కి, నా ఒంట్లో నేను పెట్టుకున్నది అది. మా తాతల పొలం నాకు రాలేదు, నాయిన ఫ్యాక్టరీ నాకు రాలేదు. నాదంటూ నేను సంపాదించుకున్నది ఆ గుండె ఒక్కటే. బలం తగ్గించుకుని వస్తే బలమైనదానివని రాసిస్తాం అనే కాగితం నాకు అక్కర్లేదన్నాను. ఆ గదిలోంచి వచ్చేశాను. నా పెంకితనానికి మేడం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంట్లో మాత్రం మేడం చెప్పిన ఉపాయం అందరికీ నచ్చింది. మంచమెక్కితే ఉద్యోగం వస్తుందంటే నాయినమ్మకు అంతకంటే ఏం కావాలి? మూడు నెలలు నన్ను నడిమింట్లో కూర్చోబెట్టి మేపడానికి ఆమె ఆ రోజే తయారైంది. నాయిన బతిమాలాడు. ఒక్క మూడు నెలలు, నా కోసం అన్నాడు. సైకిల్ తాళం తన దిండు కింద పెట్టుకున్నాడు. దాంతో నేను ఆగలేకపోయాను.

"నువ్వు కూసున్న జట్టుల ఉన్నవ్ నాయినా. నన్ను గా జట్టుల కలపకు."

ఆయనకు ఆ మాట పూర్తిగా అర్థమైంది. లేత నీలం పలక గురించి నేనే కదా చెప్పాను.  దిండు కింది నుంచి తాళం తీసి మంచం అంచు మీద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను అన్నది అబద్ధం కాదు. అయినా లేవలేని మనిషిని అట్లా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ సిగ్గుతోనే తాళం తీసుకున్నాను, మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పాలు పోశాను.

మేడం కోపం తగ్గాక, నా మొండితనానికి తగ్గట్టే ఒక ఉత్తరం టైపు చేయించింది. ఈ అమ్మాయిని ఇంకోసారి పరీక్షించాలి, ఈసారి కూర్చోబెట్టి కాదు, పని చేయించి పరీక్షించాలి అని అందులో రాసింది. నెల తర్వాత పెద్ద డాక్టర్ల ముందుకు రమ్మని కాగితం వచ్చింది.

ఆ రోజు పాలు పోయడం మానలేదు. సైనిక్‌పురి దాకా పోయి, అక్కడి నుంచి అట్లాగే ఖాళీ క్యాన్లతో పట్నం దవాఖానాకు తొక్కాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, పాలు ఏ వార్డుకు అని అడిగాడు. పాలు కాదు, గుండె చూపించుకోవాలి అన్నాను. గుండె జబ్బుతో సైకిల్ మీద వచ్చిన మనిషిని ఆయన అప్పటిదాకా చూసి ఉండడు.

లోపల ముగ్గురు డాక్టర్లున్నారు. నన్ను పనికిరాదన్న చిన్న డాక్టరు ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నడుమ కూర్చున్నాయన ముసలాయన, పట్నం మనిషి. నా కాగితాలన్నీ చదివి, చివరికి అసలు ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఏం పని జేస్తవమ్మా?"

ఉప్పల్ నుంచి సైనిక్‌పురి దాకా రోజూ సైకిల్ మీద పాలు పోస్తానని చెప్పాను. క్యాన్లు బయట ఉన్నాయన్నాను. ఆయన మూలకున్న చెక్క స్టూలు తెప్పించి, ఆపమనేదాకా ఎక్కి దిగమన్నాడు. చెప్పులు విప్పి, చున్నీ నడుముకు బిగించి మొదలుపెట్టాను. ఎంతసేపో నాకు తెలియదు. నాచారం ఎత్తుతో పోలిస్తే అది ఆటే.  ఆయన ఆపమని, నాడి పట్టుకుని లెక్కించాడు. నిమిషం ఆగి మళ్లీ, ఇంకో నిమిషం ఆగి మళ్లీ. మూడోసారికి నాడి నెమ్మదించి, ఆయాసం లేకుండా మాట్లాడేంత మామూలుగా అయిపోయాను. ముసలాయన నవ్వుతూ చిన్న డాక్టరు వైపు చూశాడు.

నోరు ఊరుకోదు కదా. ఈ సార్‌ను కూడా ఒక్కసారి ఎక్కమనండి, ఎవరి గుండె ఎట్లుందో తెలుస్తుంది అన్నాను. అన్నాక ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ముసలాయన మాత్రం, ఆయనకు సాయంత్రం దాకా డ్యూటీ ఉంది, ఇప్పుడే పడగొట్టొద్దు అన్నాడు. చిన్న డాక్టరు కూడా నవ్వక తప్పలేదు.

"గుండె రెండు తీర్ల పెద్దగైతదమ్మా. పని జేయలేక ఉబ్బేది ఒకటి, పని జేసి పెరిగేది ఒకటి. ఫోటోల రెండూ ఒక్క తీర్గనే కనబడ్తయి. నీది రెండోది."

ముసలాయన పనికి వస్తుందని రాసి సంతకం పెట్టాడు. నేను కాగితం తీసుకున్నాను గానీ కదల్లేదు. మొదటి రకం గుండె మా ఇంట్లో ఉంది సార్ అన్నాను. నాయిన గురించి చెప్పాను. మూడేళ్లుగా మంచం దిగలేదంటే ఆయన నమ్మలేదు. ఎవరు చెప్పారని కసిరాడు. మొదట ఒక డాక్టరే చెప్పాడని, తర్వాత మాకు మేమే చెప్పుకున్నామని అన్నాను. తీసుకురమ్మన్నాడు.

నాయిన వారం రోజులు ససేమిరా అన్నాడు. చివరికి ఆటోలో పోయి చూపించాం. ముసలి డాక్టరు చాలాసేపు పరీక్షించాడు. ఈ గుండె మునుపటిలా కాదన్నాడు, అది దాచలేదు. కానీ పడుకుంటే గుండెకు విశ్రాంతి దొరికే రోజులు ఎప్పుడో దాటిపోయాయని, ఇప్పుడు కాళ్లలో కండ లేక ఆ పని కూడా గుండె మీదే పడుతోందని చెప్పాడు. మందులు మార్చాడు. చదును రోడ్డు మీద మెల్లగా నడవాలి, ఆయాసం వచ్చినా నొప్పి వచ్చినా ఆగిపోవాలి, రోజూ కొంచెం పెంచాలి. నాయిన తలూపి, ఇంటికొచ్చి మళ్లీ పడుకున్నాడు.

నేనేమీ అనలేదు. ఒకసారి అన్నది చాలు. నాలుగు రోజుల తర్వాత సాయంత్రం ప్రయోగశాల నుంచి వచ్చేసరికి, నన్ను పిలిచి చెయ్యి ఇమ్మన్నాడు. మణికట్టు మీద వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఇరవై ఏళ్లు మిషన్ చప్పుడు విని దాని రోగం చెప్పిన మనిషి. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం వచ్చినప్పుడల్లా ఆయన కనుబొమలు ముడిపడేవి, మళ్లీ దెబ్బ పడగానే విడిపోయేవి. అట్లా చాలాసేపు పట్టుకున్నాడు.

"అరిగిన చప్పుడు గాదిది," అన్నాడు చివరికి. "మిషన్‌కు గీ తెలివి లేదు బిడ్డా. అది వాడితే అరుగుడే గని, దానికి పెరుగుడు ఎర్కలేదు."

మర్నాడు ఆదివారం. పాలు పోసి వచ్చేసరికి నాయిన ఫ్యాక్టరీ ప్యాంటు వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు. ప్యాంటు నడుముకు ఆగక చేత్తో పట్టుకున్నాడు. అమ్మ వెనక స్టూలు పట్టుకుని నిలబడింది, పడిపోతే కూర్చోబెట్టడానికి. నాయినమ్మ అరుగు మీది నుంచి మా ఇద్దరినీ శాపనార్థాలు పెడుతోంది. నేను ఖాళీ క్యాన్లు దించి, సైకిల్ ఆయన పక్కకు తెచ్చాను. ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి హ్యాండిల్ మీద వేసుకున్నాడు. నేను అవతలి వైపు పట్టుకున్నాను.

మా గల్లీలో మా ఇంటి నుంచి మొదటి కరెంటు స్తంభం దాకా అరవై అడుగులు కూడా ఉండదు. మేం అక్కడికి చేరేసరికి గల్లీ అంతా గడపల్లోకి వచ్చింది. నాయిన కాళ్లు వణుకుతున్నాయి, ముఖం చెమటతో తడిసింది. ఆగి, ఊపిరి తీసుకున్నాడు. నొప్పి ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఇక చాలు, మళ్లుదాం అన్నాను, సైకిల్ తిప్పబోయాను. ఆయన హ్యాండిల్ గట్టిగా పట్టుకుని తిప్పనివ్వలేదు. తర్వాతి స్తంభం వైపు చూశాడు.

"కూసున్న జట్టుల నా పేరు కొట్టెయ్యి బిడ్డా."